ముందుగాల నిద్ర పట్టాలె

ఆర్మూర్‌లో యార్డు అంటే ఒకటే. పసుపు వచ్చే చోటు. ఆటో ఎక్కి "యార్డు" అంటే చాలు, డ్రైవరు ఇంకో ప్రశ్న అడగకుండా మార్కెట్ యార్డు గేటు ముందు దించుతాడు. లోకంలో వేరే యార్డులు కూడా ఉంటాయని మాకు తెలియక కాదు. మా ఊళ్ళో ఆ మాటను పసుపు ఎప్పుడో కొనేసింది, అంతే.

అందుకే ఆ రోజు మీటింగులో ఆఫీసరు లేచి, చాట కూలీల సంఘానికి ఇండ్ల స్థలం మంజూరైందనీ, అది యార్డు పక్కనేననీ చెప్పగానే హాలంతా చప్పట్లు. చాట కూలీలంటే మార్కెట్లో పసుపు కుప్పలను ఊడ్చి, చాటతో చెరిగి, మట్టినీ పొట్టునూ వేరు చేసే ఆడవాళ్ళు. పొద్దంతా యార్డులో ఉండేవాళ్ళకు యార్డు పక్కనే ఇల్లంటే మాటలా? పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి, కుప్ప చెరిగి, వెళ్ళి బియ్యం పోసుకోవచ్చు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంఘానికి ఇండ్లు గీసి కట్టించే ఇంజినీరును నేనే.

చప్పట్లతో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే ప్లాను గీసేశాను. ఇండ్లన్నీ మార్కెట్ గేటు వైపు తిరిగి ఉన్నాయి. చాటలు పట్టుకుని నడిచి వెళ్ళడానికి ఒక కాలిబాట, దాని వెంట నీడకు వేపచెట్లు. చెట్లను మాత్రం చాలా బాగా గీశానని మా ఆవిడ కూడా ఒప్పుకుంది. ఊరందరికీ ఇండ్లు గీస్తూ నేను ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నాను కాబట్టి, ఆమె నా గీతలను మెచ్చుకోవడం అరుదు. "అందరి గీతలు నువ్వు గీస్తవు, మన గీత ఎవరు గీస్తరో" అనేది ఆమె ఎప్పుడూ అనే మాట.

తరువాత స్థలం చూపించడానికి సర్వేయరు మమ్మల్ని తీసుకుపోయాడు. ఆడవాళ్ళు ఆటోల్లో, నేను ప్లాను చుట్టను చంకలో పెట్టుకుని సర్వేయరు బండి వెనక. ఆటోలు మార్కెట్ గేటు ముందు ఆగలేదు. గేటు దాటింది కదా అని ఒకామె అంటే, వెనక నుంచి దారి ఉంటుందేమోలే అని ఇంకొకామె సర్దిచెప్పింది. ఆ వెనక దారి ఊరు దాటి, రైల్వే స్టేషను దాటి, గూడ్సు బండ్లు నిలబడే పట్టాల దగ్గర ఆగింది. అక్కడ ఒక బండి నుంచి ఎరువుల బస్తాలు దిగుతున్నాయి. దాని ఎదురుగా తుమ్మలు మొలిచిన నేల. సర్వేయరు బండి స్టాండు వేసి, ఇదే స్థలం అన్నాడు.

యార్డు ఏదని అడిగారు ఆడవాళ్ళు. ఎదురుగానే ఉంది కదా, రైల్వే యార్డు, అన్నాడు అతను.

చదువుకునే రోజుల్లో యార్డంటే మూడు అడుగులని నాకు నేర్పారు. ఒక యార్డుకూ ఇంకో యార్డుకూ మధ్య ఊరంత దూరం ఉండొచ్చని ఎవరూ చెప్పలేదు. నేను ప్లాను చుట్టను విప్పకుండానే బండి పెట్టెలో పెట్టేశాను. అప్పుడే ఇంజను ఒకటి వచ్చి నిలబడ్డ వ్యాగన్లను గుద్దింది. ఆ దెబ్బ ఒక వ్యాగను నుంచి ఇంకో వ్యాగనుకు పాకుతూ బండి పొడవునా వెళ్ళింది. ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. కొందరు నా వైపు చూశారు, ఆ గుద్దింది నేనే అయినట్టు.

మార్కెట్ దూరం, సప్పుడు మోపెడు, మాకొద్దు అని గొడవ మొదలైంది. సర్వేయరు ఓపికగానే ఉన్నాడు. పట్టాలు తయారుగా ఉన్నాయనీ, సంఘం ఒప్పుకుంటే పేర్లు రాయడమే మిగిలిందనీ, వద్దంటే ఈ స్థలం కోసం ఇంకో సంఘం కాచుకుని ఉందనీ చెప్పాడు. పట్టాల పక్కన పట్టాలు. నాకు నోరు ఊరుకోక ఆ మాట పైకే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

సంఘానికి పెద్ద ఒకామె ఉంది. వేల్పూర్ పక్క పల్లె నుంచి పెండ్లయి వచ్చి, చాట పట్టి, ఇప్పుడు యాభై దాటింది. వయసులో పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఆమె ఊ అంటే అక్కడ ఊరు లేస్తుంది, ఊహూ అంటే తుమ్మలే మిగులుతాయి. అంతవరకూ రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడిన ఆమె, సర్వేయరు మళ్ళీ పట్టాల మాట ఎత్తగానే ఇటు తిరిగింది.

"పట్టా సంగతి తర్వాత సారూ. ముందుగాల మా ఆయనకు నిద్ర పట్టాలె."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. మాటలో గమ్మత్తు ఉన్నట్టు ఆమె గమనించనే లేదు. తన అవసరం చెప్పింది, అంతే.

ఆమె భర్త మార్కెట్ యార్డులో రాత్రి కావలి. రైతులు తెచ్చిన పసుపు కుప్పలు అమ్ముడుపోయేదాకా షెడ్ల కింద ఉంటాయి, వాటి మధ్య టార్చిలైటు పట్టుకుని తెల్లారేదాకా తిరగడం ఆయన పని. అందరి రాత్రి ఆయనకు పగలు, అందరి పగలు ఆయనకు రాత్రి. కొంతకాలంగా బీపీ ఉంది. నిద్ర తగ్గితే మందు కూడా పనిచేయదని దవాఖానలో చెప్పారు. పోయిన సీజన్లో ఒక రోజు పగలు పెండ్లికి పోయి నిద్ర చాలక, రాత్రి కుప్ప మీద ఒరిగి కునుకు తీస్తే సూపర్‌వైజరు చూశాడు. ఇంకోసారి ఇట్లా కనబడితే రావద్దన్నాడు. కావలి కావాలంటే నిద్ర కావాలి. ఇక వాళ్ళుంటున్న అర్ర పసుపు పాలిష్ మిల్లు వెనకది. మిల్లును పెద్దది చేస్తున్నారు, వచ్చే సీజన్‌లోపు ఖాళీ చేయమన్నారు. ఇల్లు తీసుకోకపోతే నీడ పోతుంది. తీసుకుంటే నిద్ర పోతుంది, అదీ పోకూడని పోవడం. ఆమె ఇదంతా ఏడుస్తూ చెప్పలేదు, కుప్ప చెరిగినట్టు ఒక్కొక్కటే వేరు చేసి చెప్పింది.

నేను నా పనిలో భయస్థుణ్ణి కాను. సప్పుడును ఆపడం గోడకు చేతకాని పనేం కాదు. "అక్కా, మీ ఆయన నిద్రకు నాది జిమ్మేదారి. ఒక్క ఇల్లు కట్టి చూపిస్త. నిద్ర పట్టకుంటే తీసుకోకుండ్రి" అన్నాను. ఒక్క ఇల్లు పూర్తయ్యేదాకా ఆగడానికి సర్వేయరు ఆఫీసులో ఒప్పిస్తానన్నాడు, ఒప్పించాడు కూడా.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి గర్వంగా చెప్పాను. మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని, "నీ గురకకు పక్కన నాకే నిద్ర లేదు, ఊరోళ్ళ నిద్రకు జిమ్మేదారి తీసుకున్నవా?" అంది.

కొత్త ప్లాను గీసే ముందు అక్క వాళ్ళ అర్ర చూడటానికి వెళ్ళాను, సామాను ఎంతుందో తెలుస్తుందని. మిల్లు లోపల పెద్ద ఇనుప డ్రమ్ము తిరుగుతోంది. ఎండిన పసుపు కొమ్ములు అందులో పడి, ఒకదానికొకటి రాసుకుని, పొట్టు రాల్చుకుని నున్నగా అవుతాయి. ఆ డ్రమ్ముకూ అర్రకూ మధ్య ఒక రేకు గోడ. అక్క టీ ఇచ్చి ఏదో అడిగింది, నాకు వినబడలేదు. నేనేదో చెప్పాను, ఆమెకు వినబడలేదు. చక్కెర సరిపోయిందా అని ఆమె, కిటికీలు ఎన్ని కావాలని నేను, ఇద్దరం అరుచుకుంటూ కాసేపు మాట్లాడుకున్నాం. పక్కనే మంచం మీద ఆమె భర్త పసుపు దుమ్ము పడకుండా తువ్వాల ముఖాన కప్పుకుని నిద్రపోతున్నాడు. నేను మంచం పొడవు కొలిచాను, అర్ర వెడల్పు కొలిచాను, తిరిగి వచ్చాను. అక్కడ కొలవాల్సింది ఇంకొకటి ఉందని నాకు తట్టలేదు.

ప్లాను మాత్రం నాకు నచ్చినట్టే వచ్చింది. ఇండ్లు వరసగా, వీపులు రైలు వైపు, ముఖాలు ఇవతలికి. వంటిల్లూ స్నానాల గదీ వెనక, పడుకునే గది ముందు. వెనక గోడ రెండు పొరలు, మధ్యలో ఖాళీ. చప్పుడు మొదటి గోడ దాటినా, ఆ ఖాళీలో పడి రెండో గోడ ఎక్కేసరికి అలిసిపోవాలి. అన్ని ఇటుకలు ఎక్కడి నుంచి తేవడం అంటారా? పక్క పక్క ఇండ్లకు ఒకే గోడ ఉమ్మడిగా పెట్టి, అక్కడ మిగిలిన ఇటుకలను వెనక్కి తిప్పాను. పునాదులు తవ్విన మట్టిని పట్టాలకూ ఇండ్లకూ మధ్య కట్టగా పోయించాను. కూలీల సంఘం ఇల్లు కాబట్టి ఏదీ రెండుసార్లు కొనే వీలు లేదు. తవ్విన మట్టి కూడా ఊరికే కూర్చోకూడదు.

వెనక గోడకు తలుపు పెట్టలేదు. పెట్టకూడదనే పెట్టలేదు. అక్క ప్లాను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బోళ్ళు ఎక్కడ తోమాలని అడిగింది. స్నానాల గదిలో అన్నాను. ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది. తానం చేసే కాడ బోళ్ళు తోముతరా, మీ ఇంట్ల గట్లనే చేస్తరా అని అడిగింది. ఆ మాట మా ఆవిడ చెవిన పడితే నా పరిస్థితేమిటో తలచుకుని, వంటింటి వెనక ఒక తలుపు, తలుపు బయట చిన్న గచ్చు గీశాను. కానీ మనసొప్పక, తలుపును మందంగా చేయించి, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ వేయించాను.

మేస్త్రీ బోధన్ వాడు. తెలుగు సగం, ఉర్దూ సగం కలిపి మాట్లాడతాడు, ఆ రెండూ కలిసే చోట జోకులు పుట్టిస్తాడు. వెనక గోడ లేస్తున్నప్పుడు తాపీ పక్కన పెట్టి, దూరంగా నిలబడి చూసి, "క్యా సాబ్, ఇది ఇల్లా, ఖిల్లానా?" అన్నాడు. ఆ మాట నాకు తట్టనందుకు రోజంతా బాధపడ్డాను.

మొదటి ఇల్లు పూర్తయింది. సున్నం ఆరిన రోజు లోపలికి వెళ్ళి, తలుపులన్నీ మూసి నిలబడ్డాను. బయట వ్యాగన్లు గుద్దుకుంటున్నాయి. లోపల నా చేతి గడియారం వినబడింది. ఆ గడియారం చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అక్కకు ఫోను చేసి, వాళ్ళాయనను తోలుకురమ్మన్నాను. అక్క భర్త కాబట్టి ఆయన అందరికీ బావే.

పరీక్ష పెట్టేది ఏదో గూడ్సు లేని రోజు పెడితే మోసమవుతుంది. అందుకని రైల్వే యార్డు గుమాస్తా దగ్గరికి వెళ్ళి, పెద్ద బండి ఎప్పుడు ఉంటుందని అడిగాను. పట్టాల పక్కన ఇండ్లు కట్టేవాళ్ళను ఆయన చాలామందిని చూశాడట. బండి ఎప్పుడు రాదో అడుగుతారు గానీ ఎప్పుడు వస్తుందో అడిగినవాణ్ణి చూడలేదన్నాడు. మక్కజొన్నలు నింపే బండి ఒకటి ఉందని, ఏ మధ్యాహ్నం వస్తుందో చెప్పాడు. "మంచి సప్పుడు చేస్తది సార్, మీరు ఫికర్ చేయకుండ్రి" అని హామీ కూడా ఇచ్చాడు.

ఆ రోజు బావ రాత్రి కావలి ముగించుకుని, తిని, తన చాపా దిండూ దుప్పటీ తీసుకుని ఆటోలో వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, మాట తక్కువ మనిషి. సంఘం ఆడవాళ్ళంతా అప్పటికే వచ్చి పక్క పునాదుల మీద కూర్చున్నారు. కొందరు పల్లీలు తెచ్చుకున్నారు. ఆయన ఆ జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గింతమంది సూస్తుంటే నిద్రెట్ల పడ్తది?"

"నీ పెండ్లికి గూడ గింతమంది రాలే బావా. పో, పండు" అంది ఒకామె, పల్లీ పొట్టు ఊదుతూ.

అక్క మాత్రం నవ్వలేదు. గదిలో చాప పరిచి, దిండు తట్టి, ఆయన పడుకున్నాక అన్ని తలుపులూ మూసి బయటికి వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఆమె చేతులు ఒళ్ళో ఊరికే ఉండటం నేను అప్పుడే చూశాను. ఎప్పుడూ చాటో చీపురో ఉండే చేతులు. ఇంత పెద్ద సంఘం, ఇన్ని ఇండ్లు, నా గోడ, ఆఫీసరు కాగితాలు, అన్నీ కలిసి ఒక మనిషి కునుకు మీద నిలబడ్డాయి.

బండి వచ్చింది. గుమాస్తా మాట తప్పలేదు. ఇంజను వెనక్కి నెట్టింది, వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి మోగాయి. బయట మా పక్కన ఉన్న బకెట్లో నీళ్ళు గుండ్రంగా కదిలాయి. నేను నిశ్చింతగా ఉన్నాను. లోపల దూది మెత్తదనం ఉంటుందని నాకు తెలుసు.

కొంతసేపయ్యాక అక్క తలుపు మెల్లగా తోసి లోపలికి చూసింది. వెనకాలే నేను. బావ వెల్లకిలా పడుకుని, కళ్ళు పూర్తిగా తెరిచి స్లాబు చూస్తున్నాడు. నేను కొత్తగా పోయించిన స్లాబును ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

"సప్పుడైతుందా?" అడిగింది అక్క.

"సప్పుడు లేదు. గదే పరేశాన్. చెవుల దూది వెట్టినట్టున్నది." ఆయన లేచి కూర్చుని నా వైపు మొహమాటంగా చూశాడు. "ఏమనుకోకు సారూ. మనిషి పోయిన ఇంట్ల పండుకున్నట్టున్నది."

ఆ మాట తలుపు సందులోంచి బయటికి పాకింది. పునాదుల మీద గుసగుసలు. ఇల్లు ఇంకా పాలు పొంగించుకోక ముందే చావు మాట వినాల్సి వచ్చింది. ఒకామె లేచి చీర దులుపుకుంది. ఇంకొకామె, ఇంత అశుభం మాట నోట్లకెళ్ళి ఎట్ల వచ్చిందో, ఈ జాగనే బాగా లేదేమో అంది.

నా సంగతి చెప్పాలంటే, గోడ పనిచేసింది. అవసరానికి మించి పనిచేసింది. కురిసే ఇండ్ల మీద, బీటలు తీసిన గోడల మీద నేను ఫిర్యాదులు విన్నాను. నిశ్శబ్దం మీద ఫిర్యాదు వినడం అదే మొదలు. ఏ పొర తీసేయాలా అని ఆలోచిస్తూ గోడ తట్టి చూస్తున్నాను.

అక్క గది మధ్యలో నిలబడి చుట్టూ చూస్తోంది. చూడటం కాదు, వింటోంది. వినడానికి ఏమీ లేదు. తరువాత భర్తను అడిగింది, మరి నీకేం కావాలె అని. ఆయన చెవి రుద్దుకున్నాడు. ఏమో, చెవులకు ఏదో తక్కువైనట్టుంది అన్నాడు.

ఆమె గబగబా వంటింట్లోకి నడిచింది. వెనక తలుపు గడియ తీసి, రబ్బరు పట్టీ బిగిసి ఉంటే రెండు చేతులతో లాగి, పూర్తిగా తెరిచేసింది. యార్డు మొత్తం ఇంట్లోకి వచ్చింది. ఇంజను గురగుర, కన్వేయరు మీద మక్కలు జలజలా రాలే చప్పుడు, హమాలీల కేకలు, వ్యాగన్ల గుద్దులు. నేను రెండు పొరలతో బయట నిలబెట్టినదంతా ఒక్క తలుపులోంచి లోపలికి వచ్చి కూర్చుంది.

"పండుకో" అంది అక్క. "మిల్లు నడుస్తున్నది."

ఆయన దిండు మీద తల పెట్టాడు. గోడ వైపు తిరిగాడు. తువ్వాల ముఖాన వేసుకున్నాడు, అక్కడ పసుపు దుమ్ము లేకపోయినా. అప్పుడు నా బుర్రలో ఆ రేకు గోడ, ఆ డ్రమ్ము, అరిచి అడిగిన చక్కెర, అన్నీ వరసగా గుద్దుకున్నాయి, వ్యాగన్లలాగే. ఇన్నేండ్లు పాలిష్ డ్రమ్ము పక్కన పడుకున్న మనిషికి నేను నిశ్శబ్దం కట్టించి ఇచ్చాను. ఆయనకు అది ఇల్లులాగా లేదంటే లేదు మరి.

ఆయన ఛాతీ మెల్లగా లేచి పడసాగింది. ఒకసారి ఇంజను గట్టిగా కూత వేసింది. ఆయన ఉలిక్కిపడి లేచి, "లారీ వచ్చిందా?" అన్నాడు, రాత్రి డ్యూటీలో ఉన్నట్టే. "రైలు. పండుకో" అంది అక్క. పడుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది. నాకంటే బాగా పెడతాడు, మా ఆవిడకు చెప్పాలనుకున్నాను.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు విప్పి వచ్చి, గుమ్మంలోంచి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పోతున్నారు. అక్క అందరినీ చూడనిచ్చింది. చివరకు తనూ చూసింది. భర్త నిద్రపోతుంటే అంత సంతోషంగా చూసిన ఇల్లాలు ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఆ చూపు లేదు.

తెరిచిన తలుపు అందరికీ నచ్చాలని లేదు. సంఘంలో ఒకామె బిడ్డ నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల ఇంకో రోజు వచ్చి, తలుపులన్నీ మూయించి, గదిలో పుస్తకం పట్టుకుని కూర్చుని, తల్లికి ఇదే ఇల్లు కావాలని చెప్పి వెళ్ళింది. తెరిస్తే యార్డు, మూస్తే ఇల్లు. ఎవరికి ఏది కావాలంటే అది. తరువాతి మీటింగులో నేను లేచి, ఈ సౌకర్యం గురించి కొంచెం పొడుగ్గానే మాట్లాడాను. ప్లానులో ఆ తలుపు ఎంత ముందుచూపుతో పెట్టబడిందో వివరిస్తుంటే, వెనక కూర్చున్న మేస్త్రీ అందరికీ వినబడేలా, "సాబ్, ఆ తలుపు బోళ్ళు తోమనీకి అక్క అడిగితే పెట్టినం గద?" అన్నాడు. అక్క అతన్ని ఊరుకోమని సైగ చేసింది, సారు మాట్లాడుతున్నడు అని.

మీటింగు చివర ఆఫీసరు మాట అడిగాడు. అక్క ఊ అంది.

మిగిలిన ఇండ్లు లేచాయి. ఆడవాళ్ళు మార్కెట్ పని ముగించుకుని వచ్చి ఎవరి గోడలకు వాళ్ళే నీళ్ళు పట్టారు. మార్కెట్ మాత్రం దగ్గరికి జరగలేదు. పొద్దున్నే షేరాటో పట్టుకుని పోవాలి, ఆటోవాడు లేటయితే కుప్ప ఇంకొకరికి పోతుంది. నేను కనబడినప్పుడల్లా ఆ మాట ఇప్పటికీ వినిపిస్తారు, నేను తల ఊపుతాను. ప్లాను గీసి దూరం తగ్గించే విద్య నాకు రాదు. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. ఇప్పుడు ఆర్మూర్ ఆటోల్లో యార్డు అంటే, ఏ యార్డు అని అడుగుతున్నారు.

అక్క వాళ్ళే ముందు పాలు పొంగించారు. పొద్దున ముహూర్తం. బావ కావలి నుంచి నేరుగా వచ్చి, తానం చేసి, పంతులు చెప్పినట్టల్లా చేశాడు. కంకణం కట్టించుకుంటూ ఒకసారి, దండం పెడుతూ ఒకసారి కునికాడు. భోజనాలయ్యాక లోపలి గదిలో, తెచ్చిన సామాను మూటల మధ్యనే చాప వేసుకుని పడుకున్నాడు. వెనక తలుపు తెరిచి ఉంది. బయట పెద్ద బండే నిలబడి ఉంది.

మధ్యాహ్నం ఆఫీసరు పట్టాలు పట్టుకుని వచ్చాడు. ఫోటోగ్రాఫరును వెంట తెచ్చాడు. మొదటి పట్టా అక్కకు ఇవ్వాలి, భార్యాభర్తలిద్దరూ పట్టుకుని నిలబడాలి, వెనక ఇల్లు కనబడాలి. నన్ను కూడా పక్కన నిలబడమన్నారు. నేను చొక్కా సవరించుకున్నాను.

"మీ ఆయనేడి? పిలువమ్మ" అన్నాడు ఆఫీసరు.

"ఇప్పుడే పట్టింది సార్" అంది అక్క.

"పట్టా ఇంకా ఇయ్యలేదమ్మా. ఇగో, ఇది."

"పట్టా గాదు సార్. నిద్ర. ఇప్పుడే నిద్ర పట్టింది."

ఆఫీసరు నా వైపు చూశాడు. నాకు ఆ క్షణంలో చెప్పడానికి మంచి మాటలు నాలుగైదు నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ అనలేదు. ఇద్దరూ ఉంటేనే ఫోటో బాగుంటుందనీ, ఒక్క నిమిషం లేపి మళ్ళీ పడుకోబెట్టొచ్చనీ ఆఫీసరు నచ్చజెప్పబోయాడు. అక్క పట్టాను ఆయన చేతిలోంచి తనే తీసుకుంది, చూసుకుంది, కొంగుకు అదిమి పట్టుకుంది. ఫోటో ఒక్కదాన్నే దిగుతానంది.

అప్పుడే ఇంజను వ్యాగన్లను గుద్దింది. ఆ దెబ్బ బండి పొడవునా పాకుతూ మా ముందు నుంచి, ఇండ్ల వరస వెంట, అవతలి తుమ్మలదాకా వెళ్ళింది. ఫోటోగ్రాఫరు చేతిలో కెమెరా అదిరింది. ఆఫీసరు ఏదో గట్టిగా చెప్పబోయాడు.

అక్క పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"జర మెల్లగ మాట్లాడుండ్రి సార్. లేస్తడు."